వాయనమిచ్చిన బ్లాక్‌బెర్రీ

ఆష్‌బర్న్, వర్జీనియా
20 ఆగస్టు 2024

ఇంకా అలక తీరని రాధారాణి వదినకి,

నీ ఆడపడుచు చాముండి నమస్కారాలు. ఉగాదినాడు ఫోన్‌లో ఇద్దరం ఒకేసారి మాట్లాడుతూ, ఒకరి మాట ఒకరికి వినబడక, పులిహోరలో ఇంగువ దగ్గర మొదలుపెట్టి ఎక్కడికో పోయి, చివరికి ఫోన్లు పెట్టేశాం కదా. ఇక మీదట ముఖ్యమైన మాటలన్నీ ఉత్తరాల్లోనే అని నువ్వే ఒట్టు వేయించావు. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు కాబట్టి నాకూ హాయిగానే ఉంది.

మొన్న శుక్రవారం వరలక్ష్మీ వ్రతం చేసుకున్నాను. మా వీధిలో తొమ్మిది మందిని పేరంటానికి పిలిచాను. ఏటా ఆ స్టీలు గిన్నెలూ ప్లాస్టిక్ డబ్బాలూ పంచి పంచి విసుగొచ్చింది. పోయినేడు నేనిచ్చిన డబ్బా మూడిళ్ళు తిరిగి నవరాత్రులకి మళ్ళీ నా చేతికే వచ్చింది. అందుకని ఈసారి శనగలు, తాంబూలం, జాకెట్టు ముక్కతో పాటు ఒక్కొక్కరికీ ఒక కుండీ వాయనమిచ్చాను. అందులో మొక్క ఏమిటో చెప్పుకో చూద్దాం. మూడేళ్ళ కిందట మా గృహప్రవేశానికి నువ్వు నోవై నుంచి పుట్టింటి సారెగా కారులో మోసుకొచ్చిన బ్లాక్‌బెర్రీ! అది మా కంచె పొడుగునా పాకి బోలెడు పిలకలు వేసింది. వాటిని ఏప్రిల్‌లోనే తవ్వి కుండీల్లో పెంచాను.

అందరికీ నచ్చింది. కొత్తగా పెళ్ళయి జనవరిలో వచ్చిన అంకిత అని ఒకమ్మాయి ఉంది. మూడో ఇల్లు. హెచ్-ఫోర్ వీసా మీద ఉంది కాబట్టి ఉద్యోగం లేదు, కారు నడపడం ఇంకా రాదు, పగలంతా ఒక్కత్తే. కుండీ అందుకుని, "ఆంటీ, యూఎస్ వచ్చాక నాకు ఎవరైనా ఇచ్చిన ఫస్ట్ గిఫ్ట్ ఇదే" అంది. వెళ్ళిన వెంటనే గుమ్మం పక్కన నాటేసింది. రోజూ దానితో కబుర్లు చెబుతోందని వాళ్ళాయన వినీత్ నవ్వుతున్నాడు.

ఒక్క అనుమానం. నా కంచె దగ్గర కొమ్మల మీద ఏవో మచ్చలు కనబడ్డాయి. ఫోటో తీయించి ఇందులో పెడుతున్నాను. చూసి ఏం చెయ్యాలో చెప్పు. అన్నట్టు, ఈ ఏడు నీ బ్లాక్‌బెర్రీ ఆవకాయ ఇంకా రాలేదేం? నామీద కోపం ఉంటే ఉండనీ, ఆవకాయ మీద చూపించకు.

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ మీద ఏ కోపమూ లేని
చాముండేశ్వరి


నోవై, మిషిగన్
28 ఆగస్టు 2024

అమెరికా అంతటికీ వాయనాలిచ్చే మా చాముండికి,

ఆశీస్సులు. పులిహోరలో ఇంగువ వెయ్యాల్సిందే. ఆ మాట అయిపోయింది కాబట్టి ఇక మొక్క సంగతి.

ఫోటో చూశాను. నీ ప్రింటర్‌లో రంగు అయిపోయినట్టుంది, అంతా బూడిద రంగులో వచ్చింది. అందులో నాకు కనబడ్డవి ఉత్త పుట్టుమచ్చలు. మా కంచె పక్క మొక్కల వరసలోనూ అలాంటివి ఉంటాయి, నేనెప్పుడూ పట్టించుకోలేదు. పదకొండేళ్ళుగా బ్లాక్‌బెర్రీ పెంచుతున్న దాన్ని చెబుతున్నాను విను. అది ఎండకి కాగిన మొక్క. సాయంత్రం పూట గొట్టం పెట్టి తలమీదుగా తలంటు పోసినట్టు పొయ్యి. రాత్రంతా చల్లగా ఉంటుంది. మట్టి తడిపితే ఏం లాభం, దుమ్ము ఆకుల మీద కదా ఉండేది?

ఇంకొకటి. పళ్ళు కాసేసిన కొమ్మల్ని కొట్టెయ్యమని ఎవరైనా చెబితే వినకు. అంత పండు పెట్టిన కొమ్మ మీద కత్తెర పెట్టడానికి నాకైతే చెయ్యి రాదు. ఎండినా సరే, మా కంచెకి ఆనుకుని అవి అలాగే ఉంటాయి. చూస్తే నాకు బాగుంటుంది.

ఈ ఏడు కాపు దివ్యంగా ఉంది. ఆవకాయ పెట్టాను కూడా. మీ అన్నయ్య ఆఫీసుకి పట్టుకెళ్తే అక్కడి కార్ల ఇంజనీర్లు బ్రెడ్డుకి రాసుకుని సీసాలు ఖాళీ చేశారు. వచ్చే ఏడు నీ వాటా ముందే దాచి పెడతాను.

అంకితకి నా ఆశీస్సులు చెప్పు. మొక్కతో మాట్లాడితే తప్పేం లేదు. నేను మీ అన్నయ్యతో మాట్లాడటం కన్నా నా మొక్కలతోనే ఎక్కువ మాట్లాడతాను.

ఇంగువ విషయంలో ఎప్పటికీ గెలిచిన
మీ వదిన రాధారాణి


ఆష్‌బర్న్
25 సెప్టెంబరు 2024

వదినా,

నువ్వు చెప్పినట్టే రోజూ సాయంత్రం తలంటు పోశాను. తొమ్మిది మందికీ అలాగే పొయ్యమని వాట్సాప్‌లో పెట్టాను. మూడు వారాల్లో మచ్చలు రెట్టింపయ్యాయి. ప్రింటర్‌లో రంగు లేక నీకు కనబడలేదు కానీ అవి ఊదా రంగు మచ్చలు. నడుమ బూడిద రంగులో గుంట పడుతుంది. గుంటలన్నీ కలిసిపోయి కొమ్మ చుట్టూ తిరిగితే, ఆ పైనంతా వాడిపోతుంది.

భయమేసి ఒక కొమ్మ కోసి, సంచిలో పెట్టి, కౌంటీ వాళ్ళ వ్యవసాయ సలహా ఆఫీసుకి పట్టుకెళ్ళాను. అక్కడి ఆవిడ చూడగానే ఆంత్రాక్నోస్ అంది. కొమ్మలకి పట్టే తెగులు. ఆవిడ చెప్పినదాంట్లో నాకు అర్థమైంది రాస్తున్నాను. బ్లాక్‌బెర్రీ కొమ్మ ఆయుష్షు రెండేళ్ళేనట. మొదటి ఏడు ఆకులేసి పెరుగుతుంది, రెండో ఏడు కాస్తుంది, కాశాక దానంతట అదే చచ్చిపోతుంది. ఆ చచ్చిన కొమ్మలోనే తెగులు చలికాలమంతా దాక్కుని, వసంతంలో నీటి చుక్కలతో పాటు చింది కొత్త కొమ్మల మీద పడుతుంది. మనం పై నుంచి పోసే నీళ్ళే దానికి బస్సు టిక్కెట్టు. అందుకని కాపు అవగానే పాత కొమ్మల్ని మొదలంటా కొట్టేసి, పెరట్లో ఉంచకుండా పారెయ్యాలి. కొత్తవి కూడా మొక్కకి నాలుగైదు ఉంచి మిగతావి తీసేస్తే గాలి ఆడుతుంది. నీళ్ళు మొదట్లోనే పొయ్యాలి. మన వైపు అరటి గెల దింపాక ఆ చెట్టుని కొట్టి పిలకని ఉంచమూ? ఇదీ అంతే. ఇంత చిన్న విషయం మనిద్దరికీ తట్టలేదు చూడు.

మొక్క ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగింది. మా పుట్టింటి నుంచి అన్నాను. అయితే అక్కడే మొదలై ఉండొచ్చు అంది. నేను కాదనలేదు.

ఇప్పుడు నా బాధ అది కాదు. నేను పంచింది తెగులు. తొమ్మిదిళ్ళకి పసుపు కుంకుమతో సహా పంచాను. ఇచ్చిన వాయనం వెనక్కి ఇవ్వండని ఏ నోటితో అడగను? ఇచ్చినప్పుడు వాళ్ళ చేత "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనిపించుకున్నాను కూడా. అడక్కపోతే తొమ్మిదిళ్ళలోనూ మొక్కలు చస్తాయి. అన్నిటికన్నా అంకితది ఎక్కువగా పాడైంది. ఆ పిల్ల ముఖం చూడలేక వీధి చివరి నుంచి చుట్టూ తిరిగి ఇంటికొస్తున్నాను. నాకు దారి చెప్పు.

చాముండి


నోవై
5 అక్టోబరు 2024

శ్రీమతి చాముండేశ్వరి గారికి,

మీ లేఖ అందినది. మా ఇంటి నుంచి ప్రేమతో మోసుకొచ్చిన సారెకి మీరు సర్కారు ఆఫీసులో తెగులు అంటగట్టినందుకు సంతోషం. మేము ఐదొందల మైళ్ళు దాన్ని వొళ్ళో పెట్టుకుని వచ్చినాము. దారిలో ముళ్ళు గుచ్చుకుని నా పట్టుచీర పోగులు లేచినవి. ఆ సంగతి కూడా ఆ ఆఫీసులో చెప్పవలసినది.

నా తోట నాకు తెలుసు. నా వరసకేమీ కాలేదు.

నిన్ను చూస్తే కోపం వస్తోంది కానీ ఆ తొమ్మిది మంది ఏం చేశారు పాపం. అందుకని ఒక్క మాట చెబుతున్నాను. వాయనం వెనక్కి అడగకు. కావాలంటే నువ్వే మళ్ళీ పేరంటానికి వెళ్ళు. సీమంతానికీ పేరంటం ఉంది, ఉయ్యాలకీ ఉంది, మొక్కకి ఎందుకు ఉండకూడదు? తాంబూలం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, "మీ మొక్కని చూడ్డానికొచ్చాం" అను. కత్తెర చీర కొంగు కింద ఉంచుకో. నలుగురు ఆడవాళ్ళు చేరి నవ్వుతూ చేసిన పనిని ఎవరూ తప్పు పట్టరు.

ఇట్లు,
కె. రాధారాణి


ఆష్‌బర్న్
4 నవంబరు 2024

నా బంగారు వదినకి,

కె. రాధారాణి అని సంతకం పెట్టిన ఉత్తరం చూసి ఒక పూట ఏడ్చాను. రెండో పూట నీ సలహా మళ్ళీ చదివి కత్తెర కొన్నాను.

వరసగా నాలుగు రోజులు వాన లేదని ఫోన్‌లో చూసుకుని నేనూ మా ఆయన జితేందరూ బయల్దేరాం. తడిలో కోస్తే ఆ గాటులోంచే తెగులు లోపలికి పోతుందట. మొదటి ఇంట్లో నిజం చెప్పేశాను. ఆవిడ పకపకా నవ్వి, "మా మొక్కకి చికెన్‌పాక్స్ వచ్చిందని నేనే మీతో చెప్పలేక చస్తున్నాను ఆంటీ, మీ వాయనాన్ని పాడు చేశానని" అంది. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తొమ్మిదిళ్ళలో ఆరుగురు అదే మాట అన్నారు. నేను వాళ్ళకి మొహం చాటేస్తుంటే వాళ్ళు నాకు చాటేస్తున్నారన్నమాట.

ఒక్కో ఇంటి నుంచి ఒకావిడ తోడై, నాలుగో ఇంటికొచ్చేసరికి ఊరేగింపైంది. ఒకరు కత్తెర పడితే ఒకరు స్పిరిట్‌లో ముంచిన దూదితో ప్రతి మొక్కకీ దాన్ని తుడవడం. ఒకావిడ కోసే ముందు మొక్కకి బొట్టు పెట్టింది. జితేందర్ చెత్త సంచులు మోస్తూ, "పేరంటానికి మగోణ్ణి పిలుసుడు ఇదే ఫస్ట్ టైమ్" అన్నాడు. కోసినవన్నీ సంచుల్లో కట్టి చెత్తబండికి ఇచ్చేశాం.

అంకిత ఇంటి దగ్గర చిక్కొచ్చింది. దాని మొక్కలో బాగున్న కొమ్మ ఒక్కటీ లేదు, మొత్తం నేల దాకా కోసెయ్యాలి. ఆ పిల్ల మొక్కకి అడ్డంగా నిలబడి, "మొత్తం కట్ చేసేస్తే ఇంకేం మిగుల్తుంది ఆంటీ? నేను చెయ్యనివ్వను" అంది. కళ్ళలో నీళ్ళు. నేను, "చంటిపిల్లకి పుట్టువెంట్రుకలు తీయించమూ? ఇదీ అంతే అనుకో. మళ్ళీ ఒత్తుగా వస్తుంది" అన్నాను. కళ్ళు తుడుచుకుని, "అయితే మేనమామ ఎవరు?" అంది. వినీత్‌ని కాదని, జితేందర్‌ని మేనమామగా కూర్చోబెట్టి మొదటి కొమ్మ కోయించాం. ఆ పిల్ల నవ్వింది కానీ, వదినా, రేపు వసంతంలో అది చిగురించకపోతే నేను ఏమని చెప్పుకోవాలి?

ఇదంతా నీ తెలివే. అందరికీ మా వదిన చెప్పింది అనే చెప్పాను. కోపం పోయిందని ఒక్క ముక్క రాయి.

చాముండి


నోవై
20 జనవరి 2025

చాముండికి,

కోపం పోయింది. నీ పేరంటం కథ మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే కుర్చీలోంచి పడబోయారు.

ఇక్కడ మంచు మోకాలి దాకా ఉంది. మా వరస మంచు కింద హాయిగా నిద్రపోతోంది. దాని గురించి బెంగ పెట్టుకోకు, అడగకు కూడా. అడిగితే దిష్టి తగులుతుంది. మీ అన్నయ్య రోజూ డ్రైవ్‌వేలో మంచు తీస్తూ నడుం పట్టిందంటున్నారు. యంత్రం కొందామంటే అది కూడా తనే డిజైన్ చేస్తానంటున్నారు.

ఆ పిల్ల మొక్క చిగురిస్తుంది. వేరు బతికి ఉంటే చాలు.

వదిన


ఆష్‌బర్న్
14 ఏప్రిల్ 2025

వదినా,

ముందు నవ్వే సంగతి. మార్చిలో మొగ్గలు ఉబ్బి ఇంకా ఆకు విప్పకముందు గంధకం సున్నం కలిపిన మందు కొట్టాలన్నారు. అలా ఒక్కసారి కొడితే కొమ్మల మీద మిగిలిన తెగులు చాలావరకు అణుగుతుందట. నేనూ అంకితా ముఖాలకి గుడ్డలు కట్టుకుని కొట్టాం. కుళ్ళిన కోడిగుడ్ల కంపు! పక్కింటాయన గ్యాస్ లీకైందని ఫోన్ చేస్తే ఫైరింజన్ వచ్చింది. అంకిత వాళ్ళకి ఇంగ్లీషులో ఈ తెగులు గురించి పావుగంట క్లాసు చెప్పింది. ఒకతను వాళ్ళ ఇంటి రాస్ప్‌బెర్రీ ఫోటో చూపించి సలహా అడిగి వెళ్ళాడు.

ఇప్పుడు రెండో సంగతి. జితేందర్ పోయిన వారం ట్రైనింగ్‌కని మీ ఊరొచ్చి మీ ఇంట్లో దిగాడు కదా. ఇంటికొచ్చాక ఒకటే మాట అన్నాడు: "రాధక్క వెనక కర్టెన్ తియ్యనియ్యలే. పొద్దుగాల నేనే తీసి చూసిన. ఆడ మొక్కల్లేవ్, ఉట్టి ఫెన్సే ఉంది." నేను నమ్మలేదు. అన్నయ్యకి ఫోన్ చేశాను. అన్నయ్యతో మాట్లాడకూడదని ఒట్టు లేదు కదా. మొత్తం చెప్పేశాడు.

పోయినేడు జులైలోనే కాయలు కొమ్మ మీదే ముడుచుకుపోయాయట. ఆవకాయే పెట్టలేదట. నా సెప్టెంబరు ఉత్తరం వచ్చాక నువ్వు టార్చిలైటు పట్టుకుని వెళ్ళి చూస్తే అన్నిటి మీదా అవే మచ్చలట. అది చూసి అన్నయ్య, కారులో లోపం బయటపడితే అన్నీ రీకాల్ చేస్తాం, మొక్కలూ అంతే అని మనుషుల్ని పిలిచి వేళ్ళతో సహా తవ్వించి పారేయించాడట. నేల దాకా కోస్తే సరిపోయేది! నువ్వు ఆ రోజంతా అన్నం తినలేదని చెప్పాడు. పదకొండేళ్ళ వరస పోగొట్టుకుని, నాకు పేరంటం సలహా రాశావు. నేనేమో నువ్వు పెట్టిన సారెలోనే తెగులుందంటే కాదనలేదు అని రాశాను. ఆ వాక్యం గుర్తొస్తే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

అంకిత మొక్క చిగురించింది వదినా. నున్నగా, మచ్చ లేకుండా ఆరు మొలకలు. ఆ పిల్ల పొద్దున్నే చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి నన్ను లాక్కెళ్ళి చూపించింది. నీ వరస సంగతి చెబితే నిమిషం కూడా ఆలోచించలేదు. గునపం తెచ్చి, ఒక పక్క నుంచి తనే తవ్వింది. ఈ ఉత్తరంతో పాటు వచ్చే పెట్టెలో తడి కాగితం చుట్టిన వేళ్ళు ఉంటాయి. పెన్సిలంత లావు, జానెడు పొడవు. ఒక్క కొమ్మ కూడా లేకుండా కడిగి పెట్టాం. ఈ తెగులు కొమ్మల మీదే గానీ వేళ్ళలో ఉండదని ఆ ఆఫీసావిణ్ణి అడిగి మరీ తెలుసుకున్నాను. పాత చోట కాకుండా, ఎండ తగిలే వేరే చోట, రెండంగుళాల లోతులో పడుకోబెట్టు.

పెట్టెలో పసుపు, కుంకుమ, తాంబూలం కూడా ఉన్నాయి. అంకిత పెట్టింది. పిచ్చిది, ఒక కాగితం మీద "ఇస్తినమ్మ వాయనం" అని రాసి పెట్టింది. ఈసారి ఫోటో రంగుల్లోనే ఉంది.

చాముండి


నోవై
26 ఏప్రిల్ 2025

నా చాముండికి,

పెట్టె వచ్చింది. తెరిచి వంటింటి నేల మీద కూర్చుండిపోయాను. మీ అన్నయ్య ఏమైందని వచ్చి, వేళ్ళు చూసి, గునపం కోసం గ్యారేజీలోకి వెళ్ళారు.

ఆగస్టులో ఆవకాయ పెట్టానన్నది పరువు కోసం. ఆ తరవాతి అబద్ధాలు ఎందుకంటే, నీ మొక్కకి జబ్బు నా ఇంటి నుంచే వచ్చిందని నాకు తెలిసిపోయింది కాబట్టి. తలంటు పొయ్యమని నిన్ను పురికొల్పింది కూడా నేనే. సారె పెట్టిన చేత్తోనే చెడగొట్టానే అని సిగ్గేసింది. అది నీకు చెప్పుకోవడం కన్నా వట్టి కంచెకి కర్టెన్ వెయ్యడం తేలికనిపించింది. అయినా పూర్తి తప్పు నాది అంటే ఒప్పుకోను. సగం నీ ప్రింటర్‌ది.

గ్యారేజీ పక్కన, పొద్దుటెండ పడేచోట వేళ్ళు పాతాం. పై నుంచి నీళ్ళు పడకుండా మొదట్లోకి సన్న గొట్టం వేశారు మీ అన్నయ్య, డిజైన్ తనదే. ఈ ఏడు కొమ్మలొస్తాయి, వచ్చే ఏడు జులైకి కాస్తాయి. కాసిన కొమ్మని ఆ ఆగస్టులోనే నా చేత్తో కొడతాను. ఎండిపోయిన దాన్ని ప్రేమతో పట్టుకుని కూర్చుంటే పక్కన పుట్టిన దానికి గాలాడదని తెలిసొచ్చింది కదా.

ఆడపడుచు పుట్టింటికి సారె పెట్టడం మన ఇళ్ళలో ఎక్కడా లేదు. మీ అమ్మ ఉంటే నన్ను కోప్పడేది. అయినా పెట్టెలో పసుపు తీసి గడపకి రాశాను, కుంకుమ పెట్టుకున్నాను. అంకితకి చెప్పు, ఆ పిల్ల పేరు పెట్టి పిలిచి మరీ అన్నాను, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని. తనని వచ్చే ఏడు జులైలో నువ్వే తీసుకురావాలి. మొదటి సీసా ఆవకాయ తనది. రెండోది నీది. కార్ల ఇంజనీర్లకి ఈసారి ఏమీ లేదు.

ఇక ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. నువ్వే ముందు మాట్లాడు, నేను అడ్డం రాకుండా వింటాను. ఇంగువ మాట ఎత్తనంతసేపూ.

మీ వదిన
రాధారాణి